నీటినుండి నిప్పు: నాచుచే ఉదజని పుట్టించు యత్నములు

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ముప్పదినాలుగు సంవత్సరములు పాఠశాలలో శబ్దములును, ధాతువులును, రఘువంశమును చెప్పుకొని కాలము గడపిన మేము నేడు మీ యెదుట ఉదజనివాయువును గూర్చి ప్రసంగింప నిలుచుట మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. మాకును వింతగానే యున్నది. దీనికి కారణము మా పాండిత్యము కాదు. మన విద్యానిధి కార్యవర్గమువారి యెదుటికి ఈ సంవత్సరము వచ్చిన రెండు విన్నపములు దీనికి కారణములు.

మొదటిది ఒక వర్తకప్రతినిధి తెచ్చినది. ఆయన రంగుల బొమ్మలు గల పత్రములను పంచిపెట్టి, నాచుచేత ఉదజనిని పుట్టించు కర్మాగారము నొకదానిని కట్టబోవుచున్నామనియు, రెండేండ్లలో పెట్రోలుతో పని తీఱిపోవుననియు, మన నిధిలోని అసలును వాటాలుగా పెట్టినచో మూడింతలై తిరిగి రాగలదనియు చెప్పెను. రెండవది మన బాలికావసతిగృహములో నుండి చదువుకొన్న యొక విద్యార్థిని వ్రాసికొన్న అర్జీ. ఆమె సూక్ష్మజీవశాస్త్రమున ఎం.ఎస్సీ. ముగించి, ఈ విషయముననే పరిశోధన చేయగోరి, మూడేండ్లపాటు నిధి వడ్డీనుండి వేతనసహాయము కోరినది. కార్యవర్గములో అభిప్రాయభేదము కలిగినది. "రెండును ఒక్క నాచు సంగతియే గదా, ఇత్తుమా రెంటికి నిత్తము, మానుదుమా రెంటిని మానుదము" అని యొక పెద్ద లనిరి. రేపటి కార్యసభలో తమరు చేతులెత్తి తీర్మానింపవలసియున్నది గావున, ముందుగా విషయమును తెలియజెప్పుమని కార్యదర్శిగారు మమ్ము నియోగించిరి.

మాకు తెలియని దానిని మేమెట్లు చెప్పుదుము? కావున ఆ బాలికనే గురువుగా నెంచుకొంటిమి. ఈ వేసవిలో ఇరువది దినములు ఆమె మా యింటి వసారాలో నల్లబల్లపై బొమ్మలు వ్రాసి, మేము అడిగినదే అడుగుచుండినను విసుగుకొనక, పాఠము చెప్పినది. ఇందు ఒప్పులున్నచో గురువువి. తప్పులున్నచో ముసలి శిష్యునివి.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఇది మా వృత్తిదోషము, క్షమింపుడు. ఈ వాయువును 1766లో ఇంగ్లండున కావెండిష్ అను నతడు వేఱుపఱచి చూపెను. ఇది మండినపుడు నీరు పుట్టుట చూచి, ఫ్రాన్సుదేశపు లవోషియే పండితుడు దీనికి "నీటిని పుట్టించునది" అను నర్థము గల గ్రీకుపేరు పెట్టెను. మనవారు దానిని ఉదజని యని చక్కగా తెనిగించిరి. రెండవ వాయువునకు ఆయన "ఆమ్లమును పుట్టించునది" అని పేరిడెను. మనమును ఆమ్లజని యంటిమి. అయితే 1810లో డేవీ అను నతడు ఉప్పునుండి తీయు ఆమ్లమున ఆమ్లజని యే మాత్రమును లేదని తేల్చెను. పులుపునకు మూలము ఉదజనియే. అనగా ఒకరి పొరపాటును మనము శుద్ధసంస్కృతములో పదిలపఱచుకొంటిమి!

సంస్కృతము చదివినవానికి నీటిలో నిప్పు అనగానే బడబానలము తలపునకు వచ్చును. అంతమాత్రమున ఈ శాస్త్రమంతయు మన పూర్వుల యెఱుకలో నుండెనని సభలలో చెప్పి చప్పట్లు కొట్టించుకొనుట మాకు సమ్మతము కాదు. కవియొక్క యూహకు గల గౌరవము వేఱు, ప్రయోగశాలలో తూచి చూచిన సత్యమునకు గల గౌరవము వేఱు.

ఇక విషయమునకు వత్తము. ఒక కిలో ఉదజనిని మండించిన వచ్చు వేడి ఒక కిలో పెట్రోలునుండి వచ్చు వేడికి దాదాపు మూడింతలు. పొగ లేదు, మసి లేదు, బొగ్గుపులుసుగాలి లేదు. ఇట్టి సరకు భూమిపై విడిగా దొరకుట అరుదు. నీటితోడనో మఱియొక దానితోడనో కూడియే యుండును. నేడు లోకములో ఏటేట 9 కోట్ల టన్నులకు పైగా ఉదజని తయారగుచున్నది. ఎరువులకును, ముడినూనెను శుద్ధి చేయుటకును దానిని వాడుచున్నారు. అది దాదాపు అంతయు సహజవాయువునుండియు, బొగ్గునుండియు తీయబడుచున్నదే. సహజవాయువునుండి ఒక కిలో ఉదజని తీయునప్పుడు 9, 10 కిలోల బొగ్గుపులుసుగాలి ఆకాశమున కలియును. ఇంటి ముంగిలి ఊడ్చి చెత్తను పొరుగువాని వాకిట పోసినట్లున్నది గదా!

నీటిని విద్యుత్తుచే విడదీయుట యొక మార్గము. ఆ విద్యుత్తు ఎండనుండియో గాలినుండియో వచ్చినచో పని శుభ్రముగా జరుగును. భారతప్రభుత్వము 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయల వ్యయముతో, 2030 నాటికి ఏటికి 50 లక్షల టన్నులు తీయవలెనను సంకల్పముతో ఒక పథకము నంగీకరించెను. మన విశాఖపట్టణమునకు సమీపమున, అనకాపల్లి జిల్లా పూడిమడకలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగినది ఇట్టి పనికే. అది విద్యుత్తు మార్గము. ఆ వర్తకప్రతినిధి తన పత్రములలో పూడిమడక పేరును సైతము వాడుకొనెను గనుక ఇది చెప్పవలసివచ్చినది. నాచునకును దానికిని సంబంధము లేదు.

నాచు చేయు పని యేమి? చెఱువునీటిపై ఆకుపచ్చగా తేలు జీవములలో క్లామిడోమోనాస్ అనునది యొకటి. అది ఒకే కణము. మీటరులో లక్షవవంతు పొడవు. రెండు సన్నని తోకలతో ఈదును. అది ఎండను పట్టి నీటిని విడదీయు విధమును ఆ బాలిక మాకు ఎన్ని విధముల చెప్పినను తలకెక్కలేదు. తుదకు మేమే "ఇది రెండు ఏతముల వ్యవసాయమువలె నున్నదా, అమ్మా?" అని యడిగితిమి. ఆమె కొంతసేపు ఆలోచించి "అట్లే యున్నది, తాతగారూ" అన్నది. అప్పటినుండి పాఠము సుగమమైనది.

పల్లపు కాలువనుండి మెరకచేనికి నీరెక్కించుటకు ఒక యేతము చాలనప్పుడు రెండు వేయుట మన పెద్దలెఱుగుదురు. మొదటి యేతము కాలువనీటిని నడిమిగుంటలోనికి ఎత్తును. రెండవది నడిమిగుంటనుండి మీది బోదెలోనికి ఎత్తును. బోదెనుండి నీరు మడులకు పాఱును. నాచులో ఎత్తబడునది ఎలక్ట్రానులను విద్యుత్కణములు. ఏతము త్రొక్కువాడు సూర్యుడు. మొదటి యేతము నీటిని విఱిచి, అందుండి ఎలక్ట్రానులను తోడుకొని, ఆమ్లజనిని బయటికి విడుచును. మనము పీల్చుచున్నది ఆ విడిచిన దానినే. రెండవ యేతము వానిని ఇంకను పైకెత్తి బోదెలో పోయును. ఆ బోదెనీరు పాఱు మడులలో బొగ్గుపులుసుగాలి చక్కెరగా, పిండిగా పండును. శాస్త్రజ్ఞులు ముందు కనుగొన్న దానికి ఒకటి యనియు, పిదప కనుగొన్న దానికి రెండు అనియు సంఖ్యలు వేయుటచే, పనిలో మొదటిదైన యేతమునకు పుస్తకములలో రెండవ సంఖ్య యుండును. ఈ చిక్కు మాకు రెండు దినములు పట్టినది.

ఇప్పుడు అసలైన సంగతి. బోదెగట్టున ఒక చిన్న తూము గలదు. దానిపేరు హైడ్రోజినేజు. అది ఇనుమును గంధకమును హృదయమునందు ధరించిన యొక మాంసకృత్తు. మడులు త్రాగలేని సమయమున బోదె పొంగకుండ, అది రెండు ఎలక్ట్రానులను రెండు ప్రోటానులతో జతచేసి ఉదజనిగా విడిచిపుచ్చును. ఒక్క తూము ఒక్క క్షణములో వేలకొలది ఉదజని యణువులను విడువగలదు. 1942లో షికాగో విశ్వవిద్యాలయమునుండి గాఫ్రన్, రూబిన్ అను నిరువురు, సినెడెస్మస్ అను ఆకుపచ్చ నాచును ఆమ్లజని లేని చీకటిలో నుంచి పిదప వెలుగు చూపగా అది ఉదజనిని విడుచుట ప్రకటించిరి. కాని ఆ ధార నిమిషములలో ఆగిపోవును.

ఎందుచేత ఆగును? ఈ ప్రశ్నమీదనే ఎనుబదియేండ్ల పరిశోధనమంతయు తిరుగుచున్నది గావున దయతో కొంచెము చెవియొగ్గి వినుడు. వెలుగు పడగానే మొదటి యేతము కదలును. కదలగానే ఆమ్లజని పుట్టును. ఆమ్లజని తగులగానే తూము పాడగును. అనగా ఏ వెలుగు తూమునకు నీరందించునో ఆ వెలుగే తూమును కూల్చును. ఇట్టి విరుద్ధధర్మములు ఒకే కణములో నెట్లు చేరినవని మేమడుగగా, తూము అతిప్రాచీనమైనదని ఆమె చెప్పినది. ఇంచుమించు 240 కోట్ల ఏండ్లకు పూర్వము వఱకు భూమిపై గాలిలో ఆమ్లజని లేదనదగినంత స్వల్పముగా నుండెను. నీటిని విఱుచు నీలాకుపచ్చ నాచే దానిని లోకమున నింపినది. తూము ఆమ్లజని లేని కాలమున ఏర్పడిన పరికరము. ఏతము ఆ కాలమును అంతము చేసిన పరికరము. అత్తాకోడండ్ర నొకయింట నుంచినట్లు ప్రకృతి రెంటిని ఒక కణములో నుంచినది.

ఈ కలహమును తీర్చుటకు శాస్త్రజ్ఞులు పన్నిన యుపాయములు పెక్కులు. కొన్నిటినే చెప్పెదము.

2000వ సంవత్సరమున బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు మెలిస్, కొలరాడోలోని ప్రభుత్వ ప్రయోగశాలకు చెందిన గిరార్డి, సీబర్ట్ మున్నగువారు నాచుచే ఉపవాసము చేయించిరి. మొదటి యేతము ఎండలో పనిచేయుచు తానే అరిగిపోవుచుండును; నాచు దానిని ఎప్పటికప్పుడు మరమ్మతు చేసికొనుచుండును. ఆ మరమ్మతునకు గంధకము కావలెను. నీటినుండి గంధకమును తొలగించిరి. ఏతము మందగించి, పుట్టు ఆమ్లజని నాచు శ్వాసకే చాలక, మూత బిగించిన పాత్రలో ఒక్క దినమునకు ఆమ్లజని యడుగంటెను. అంత తూము తెఱచుకొని దినములకొలది ఉదజని వెలువడెను. గాఫ్రన్ చూచిన నిమిషములు దినములైనవి. అయితే ఉపవాసమున్నవాడు ఎంతకాలము బండి లాగగలడు? కొన్నాళ్ళకు నాచు కృశించును. మరల గంధకము పెట్టి పోషింపవలెను. నెమ్మదిగా నడచు ఏతముతో వచ్చు ఉదజనియు స్వల్పమే.

రెండవ యుపాయము మన వరిమళ్ళలో నున్నదే. 1939లో పి. కె. డే అను భారతీయ శాస్త్రజ్ఞుడు వరిమడికి నత్రజని నందిచ్చు వానిలో నీలాకుపచ్చ నాచు ముఖ్యమని చూపెను. ఆ జాతిలోని అనబీనా యనునది పూసలదండవలె కణములు వరుసగా కూడియుండును. పదింటికో యిరువదింటికో ఒక పూస తక్కినవానికంటె పెద్దదై, దళమైన గోడ కట్టుకొని, తనలోని మొదటి యేతమును తీసివేసికొనును. ఆ పూసలో ఆమ్లజని పుట్టదు, వెలుపలిది సులభముగా దూఱదు. ఆ గదిలో కూర్చుండి నైట్రోజినేజు అను మఱియొక మాంసకృత్తు గాలిలోని నత్రజనిని ఎరువుగా మార్చుచు, ఆ పనిలో తప్పనిసరిగా కొంత ఉదజనిని విడుచును. మన యక్షమాలలో మేరుపూస వేఱుగా నున్నట్లు ఈ పూస వేఱు. అజొల్లా యను పేర మన రైతులు మడిలో వేయు చిన్న మొక్క ఆకులలో కాపురముండునదియు ఈ జాతిదే. ఈ నాచు విడిచిన ఉదజనిని తానే తిరిగి మ్రింగు అలవాటు కలది. మ్రింగించు జన్యువును తొలగించినచో ఉదజని హెచ్చుగా బయటపడునని పలు ప్రయోగశాలలు చూపినవి. కాని నైట్రోజినేజు మిక్కిలి దుబారామనిషి. ఒక్క నత్రజని యణువును మార్చుటకు పదునాఱు శక్తినాణెములు ఖర్చుచేసి ఒక్క ఉదజని యణువును చిల్లరగా ఇచ్చును.

స్థలముచే గాక కాలముచే వేఱుచేయు జీవములును గలవు. సయనోథీసు అను నాచు పగలంతయు పిండిని కూడబెట్టి, రాత్రి గట్టిగా శ్వాసించి లోపలి ఆమ్లజనిని వ్యయించి, అప్పుడు నైట్రోజినేజును పనికి దింపును. దీనినుండి గాలి తగులుచున్న పరిస్థితులలోనే ఎక్కువగా ఉదజని తీయవచ్చునని 2010లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరపు వాషింగ్టన్ విశ్వవిద్యాలయమున హిమాద్రి పక్రాసి బృందమువారు ప్రకటించిరి.

మాకు మిక్కిలి నచ్చినది 2020 నాటి పని. బోదెలోని నీరంతయు మడులకే పోవుచుండగా తూమునకు దక్కునది చుక్కలే. కావున తూమును తెచ్చి రెండవ యేతపు మూతికే అతికించినచో? జర్మనీలోని కీల్ విశ్వవిద్యాలయమువారు సినెకోసిస్టిస్ అను నీలాకుపచ్చ నాచులో, అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయమువారు క్లామిడోమోనాసులో, జన్యువులను కూర్చి అట్లే చేసిరి. అతికిన తూము సజీవకణములో ఉదజనిని విడిచినది. ఈ సినెకోసిస్టిస్ యొక్క జన్యులిపి అంతయు 1996లోనే జపానున చదువబడినది. కిరణజన్యసంయోగము చేయు జీవములలో పూర్తిగా చదువబడిన మొదటి గ్రంథమదియే. అక్షరములు సుమారు 35 లక్షలు. అందుచేతనే దానిలో పదము తీసి పదము చేర్చుట సాధ్యమగుచున్నది. వ్యాకరణము తెలిసినవానికే సంధి కుదుర్చుట చేతనగును గదా. కాని కీల్‌వారి కణములును ఆమ్లజని లేని స్థితిలోనే ఉదజనిని నిలుకడగా ఇచ్చినవి. అత్తాకోడండ్ర తగవు ఇంకను తీఱలేదు.

మఱియొక లోపము దట్టపు నాటువంటిది. నాచు తన కవసరమైన దానికంటె ఎక్కువ హరితమును ధరించి, పై వరుసలోనిది ఎండనంతయు పట్టి వృథాచేయును. క్రిందిది చీకటిలో నుండును. హరితము తగ్గించిన రకములను మెలిస్ బృందమువారే తయారుచేసిరి.

ఇంతకును ఫలమెంత? లెక్క చూతము. ఎకరమనగా సుమారు 4,000 చదరపు మీటరులు. మన యెండ సగటున దినమునకు చదరపు మీటరునకు 5 యూనిట్లనుకొన్నచో ఎకరమునకు 20,000 యూనిట్లు. శాస్త్రము అనుమతించు పరమావధి నూటికి పదిపాళ్ళకు కొంచెము పైమాట. ప్రయోగములలో దక్కుచున్నది సాధారణముగా ఒక పాలునకు లోపు. ఉదారముగా ఒక పాలనియే వేయుదము. 200 యూనిట్లు. కిలో ఉదజనిలో 33 యూనిట్లుండును గావున దినమునకు 6 కిలోలు. ఉదజనితో నడచు కారు నొకదానిని ఒకసారి నింపుటకు సరిపోవును. అదే యెకరమున సూర్యఫలకములు పఱచి, ఆ విద్యుత్తుతో నీటిని విడదీసినచో, సందులకు సగము నేల విడిచినను 40 కిలోలు వచ్చును. పైగా ఉదజనిని పట్టవలెనన్న చెఱువునకు గాలి చొఱని మూత వేయవలెను. ఎకరము వెడల్పు మూత! ఆ మూతక్రింద ఉదజనియు ఆమ్లజనియు కలిసి నిలిచినచో నిప్పురవ్వ చాలును. మార్చిన నాచును బయటికి పోనీయకుండ కాపాడుటయు, బయటి పురుగులు దానిని తినకుండ కాపాడుటయు వేఱే ఖర్చులు.

మేమా వర్తకప్రతినిధిని ఒక్క ప్రశ్న యడిగితిమి: "అయ్యా, మీ పాత్రలో ఆమ్లజని సంగతి యేమి?" ఆయన మావైపు చూచి, తన పత్రమువైపు చూచి, "అది మా యింజనీర్లు చూచుకొందురు" అనెను. మరల రాలేదు, ఉత్తరములు మాత్రము వచ్చుచున్నవి. ఆ బాలిక యర్జీలో నైదవ పుటలో ఆమ్లజని సంగతియే యున్నది. తూములోనికి వాయువులు దూఱు సన్నని దారులను ఇంకను ఇఱుకుచేసి, చిన్నదైన ఉదజని బయటికి పోగలిగి, పెద్దదైన ఆమ్లజని లోనికి రాలేకుండునట్లు జన్యువులో మార్పులు చేయుట ఆమె యెన్నుకొన్న పని. ఇది ఇతరులు యత్నించిన త్రోవయే, ఇంతవఱకు పూర్తిగా ఫలింపనిదే. "మూడేండ్లలో ఇంధనము వచ్చునని మాట యియ్యజాలను, ఏ మార్పు పనిచేయునో, ఏది చేయదో తేల్చి వ్రాయగలను" అని యామె వ్రాసికొన్నది. కార్యవర్గములో కొందఱికి ఈ వాక్యమే అభ్యంతరమైనది. మాకు ఈ వాక్యమే యోగ్యతాపత్రముగా తోచినది.

ఫలకములే మేలైనప్పుడు నాచు పరిశోధన మెందులకని అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. నీటిని విడదీయు యంత్రములలో మేలురకము వానికి ప్లాటినము, ఇరిడియము వంటి దుర్లభలోహములు కావలెను. నాచుతూము ఇనుముతో అదే పని చేయుచున్నది. ఆ రహస్యము తెలిసినచో లోహముతో చేయు తూములకును దారి దొరకును. నాచు కర్మాగారము నేడు వ్యాపారము కాదు. నాచు విద్య మాత్రము నేడు విద్యయే. వ్యాపారము చేయువాడు అసలును అడిగెను. చదువుకొను పిల్ల వడ్డీని అడిగినది. మొదటి విన్నపమును త్రోసివేయుడనియు, రెండవదానిని అంగీకరింపుడనియు మా మనవి. "ఆడపిల్ల గదా, బ్యాంకు పరీక్ష వ్రాసికొనరాదా" అన్న పెద్దలతో మేము వాదింపము. ఆమె తల్లి పశువుల పాలమ్మి ఇంతవఱకు చదివించినది, ఆ తల్లి యొప్పుకొన్న దానికి మనమేల అడ్డుపడవలెను?

ఈ మండపపు తూర్పుకిటికీలో ఒక గాజుకుప్పె యున్నది. వచ్చునపుడు కొందఱు చూచి పచ్చని సరబత్తనుకొనిరట. అది ఆ బాలిక తెచ్చిన క్లామిడోమోనాసు. గంధకము లేని నీటిలో, మూత బిగించి, నాలుగు దినములుగా వెలుగులో నుంచినది. దాని గొట్టపుచివర నీటిలో బోరగిలించిన నాళికలో రెండు వ్రేళ్ళంత వాయువు నిన్నరాత్రి వఱకు చేరినది. భోజనములైన పిమ్మట ఆమె దానికి అగ్గిపుల్ల చూపును. చప్పుడు చిన్నదే, అయినను పిల్లలను వెనుకవరుసలో నిలుపుడు.